మనం తలుపులు ఎప్పుడు మూసుకున్నాం?

"మీది మేనరికమా?"

డాక్టరుగారు తల ఎత్తకుండా, కాగితం మీద రాసుకుంటూనే అడిగారు. మన దగ్గర పిల్లల ఆసుపత్రుల్లో ఈ ప్రశ్న వినని తల్లిదండ్రులు తక్కువ. మా పిన్ని కూతురు, నాకు చెల్లెలు, భర్త ముఖంలోకి చూసింది. "కాదండీ. వాళ్ళ ఊరికీ మా ఊరికీ మూడు వందల కిలోమీటర్లు. పెళ్ళిచూపుల దాకా ఒకరినొకరం ఎరగం" అన్నాడు అతను. ఆవిడ అప్పుడు తల ఎత్తారు. "ఒకే కులమేనా?" అవునన్నారు. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

బాబు పదకొండు నెలలు బతికాడు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం ఉన్న జన్యువు చేరితే తప్ప బయటపడని జబ్బు వాడిది. ఏ బంధుత్వమూ లేని ఇద్దరిలో, అంత దూరపు ఊళ్ళవాళ్ళలో, అదే లోపం ఎలా ఉందన్న ప్రశ్న నన్ను చాలా కాలం వదల్లేదు. దాని జవాబు నాకు వైద్యం గురించిన రాతల్లో మొదలవలేదు. నాలుగున్నర వేల ఏళ్ళ కిందట హర్యానాలో చనిపోయిన ఒక స్త్రీ గురించి చదువుతున్నప్పుడు మొదలైంది.

హిసార్ జిల్లాలోని రాఖీగఢీ సింధు నాగరికత కాలపు పెద్ద నగరాల్లో ఒకటి. అక్కడి శ్మశానంలో ఆమెను కుండలతో పాటు పూడ్చిపెట్టారు. పుణె దక్కన్ కాలేజీకి చెందిన వసంత్ షిండే బృందం ఆ శ్మశానాన్ని తవ్వింది. అక్కడి ఎముకల నుంచి 61 నమూనాలు తీసి పరీక్షిస్తే పనికొచ్చే డీఎన్ఏ దొరికింది ఒక్కదానిలోనే. ఆ ఒక్కటీ ఈమెది. అదీ ఒక్కసారికి చిక్కలేదు. నూరుకు పైగా ప్రయత్నాల్లో తీసిన తునకలన్నీ కలిపితే గానీ ఆమె జన్యుక్రమం చదవడం వీలు కాలేదు.

ఎండ, తేమ డీఎన్ఏను తొందరగా తినేస్తాయి. సైబీరియాలో చల్లటి డెనిసోవా గుహలో దొరికిన చిటికెన వేలి ఎముక ముక్క ఒక్కటి చాలు, అంతకుముందు ఎవరికీ తెలియని ఒక మానవజాతి ఉండేదని 2010లో తేలింది. మన నేల అంత దయగలది కాదు. తెలంగాణలోని జానంపేట అడవుల్లో రాక్షస గుళ్ళ కింద, అంటే పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధుల కింద పడుకున్నవాళ్ళు వేల వేసవులు చూశారు. వేడి నేలల్లో పని చేసే పరిశోధకులు ముందుగా వెతికేది పుర్రె అడుగున, లోపలి చెవిని చుట్టుకుని ఉండే ఎముక కోసం. శరీరంలోని ఎముకలన్నిటిలోకీ దట్టమైనది అదే కాబట్టి డీఎన్ఏ మిగిలితే అందులోనే మిగలాలి. దాన్ని పొడి చేసి, ఒళ్ళంతా కప్పే దుస్తులు వేసుకుని, మన చర్మపు రేణువు ఒక్కటి కూడా కలవకుండా జాగ్రత్తపడుతూ చదువుతారు. దొరికిన తునక నిజంగా పాతదేనా అన్నది దాని కొసల్లో కాలం చేసిన రసాయనిక గాయాలు చెబుతాయి. పాడైపోవడమే ఇక్కడ ప్రామాణికతకు గుర్తు. ఈ శాస్త్రాన్ని ఇంతదాకా తెచ్చిన స్వాంటే పాబోకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది.

రాఖీగఢీ స్త్రీలో రెండు పాయలు కనిపించాయి. ఒకటి, ఈ ఉపఖండంలో అనాదిగా వేటాడుతూ, ఏరుకుంటూ బతికినవాళ్ళది. అండమాన్ దీవుల ఓంగీలకు వీళ్ళు చాలా దూరపు చుట్టాలు. రెండోది, ఇరాన్ వైపు మనుషులతో సంబంధం ఉన్నది. అయితే ఆ పాయ ఇరాన్ రైతుల నుంచి విడిపోయింది వ్యవసాయం పుట్టకముందు, పన్నెండు వేల ఏళ్ళకు పూర్వం. స్టెప్పీ గడ్డిమైదానాల పశుపాలకుల జాడ ఆమెలో లేదు. తుర్క్‌మెనిస్తాన్‌లోని గోనుర్‌లో, ఇరాన్‌లోని షహర్-ఇ-సోఖ్తాలో స్థానికులతో పోలిక లేని 11 మంది పురాతన మనుషులు అంతకుముందే దొరికారు. వాళ్ళ డీఎన్ఏ ఈమె డీఎన్ఏతో సరిపోయింది. సింధు నగరాల నుంచి అంత దూరం వెళ్ళి అక్కడే మట్టిలో కలిసినవాళ్ళన్నమాట.

ఈ పరిశోధన 2019 సెప్టెంబరు మొదటి వారంలో వెలువడింది. దానితో పాటే ఇంకొక పత్రం, మధ్యాసియా, దక్షిణాసియాలకు చెందిన 523 మంది పురాతన మానవుల జన్యువులతో వచ్చింది. స్టెప్పీ వారసత్వం ఈ ఉపఖండంలోకి సామాన్య శకానికి పూర్వం 2000కూ 1500కూ మధ్య చేరిందని అది చెప్పింది. రెండింటి మీదా చాలా పేర్లు ఉమ్మడిగా ఉన్నాయి. రెండూ ఒకదానికొకటి సరిపోతాయి: సింధు నగరాలు వెలుగుతున్న కాలంలో స్టెప్పీ మనుషులు ఇక్కడ లేరు, ఆ నగరాలు వాడిపోతున్న కాలంలో వచ్చారు. కానీ ఆర్యుల రాక గురించిన మన చర్చల్లో ఒక వర్గం మొదటి పత్రాన్ని చేత పట్టుకుని "బయటి నుంచి ఎవరూ రాలేదు" అంది. ఇంకో వర్గం రెండోదాన్ని పట్టుకుని "మీరు వచ్చినవాళ్ళు, మేం ఉన్నవాళ్ళం" అంది. సగం కాగితం చదివి పొలం తగాదాకు దిగినట్టే ఇది.

నిజానికి రెండు వర్గాలకూ ఆ కాగితాల్లో ఆధారం లేదు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్, మరికొందరు కలిసి 2009లో ఒక లెక్క తేల్చారు. ఇప్పటి భారతీయుల్లో చాలామంది వారసత్వాన్ని రెండు పాత సమూహాల మిశ్రమంగా వివరించవచ్చని. వాటికి 'ఉత్తర భారత పూర్వీకులు', 'దక్షిణ భారత పూర్వీకులు' అని పేర్లు పెట్టారు. ప్రధాన భూభాగంలో వాళ్ళు చూసిన సమూహాల్లో ఉత్తరపు పాలు 39 శాతం నుంచి 71 శాతం దాకా ఉంది. సున్నా ఎక్కడా లేదు, నూరూ ఎక్కడా లేదు.

ఆ తరవాత పురాతన డీఎన్ఏ చేతికి వచ్చేసరికి ఆ రెండు మూలాలు కూడా మూలాలు కావని తేలింది. సింధు ప్రజల్లో కొందరు ఉత్తరాన స్టెప్పీ పశుపాలకులతో కలిస్తే మొదటి సమూహం ఏర్పడింది. ఇంకొందరు దక్షిణ, తూర్పు దిక్కుల వేటగాళ్ళ సంతతితో కలిస్తే రెండోది ఏర్పడింది. రెండింటిలోనూ రాఖీగఢీ స్త్రీ బంధువులు ఉన్నారు. "మేం ద్రావిడులం, ఏ కలుపూ లేని మూలవాసులం" అని గర్వంగా చెప్పుకునే తెలుగువాళ్ళు నాకు చాలామంది తెలుసు. మనలోని దక్షిణపు పాయ కూడా ఒక మిశ్రమమే. ఇక సవర లాంటి ముండా భాషల వాళ్ళు మన శ్రీకాకుళం కొండల్లోనే ఉన్నారు. వాళ్ళ వారసత్వంలో ఆగ్నేయాసియా నుంచి వచ్చిన మూడో పాయ ఉంది. ఎముక ఏ భాష మాట్లాడిందో డీఎన్ఏ చెప్పదు కాబట్టి రాఖీగఢీ స్త్రీ మాట్లాడింది తెలుగుకు అత్త భాషా, అమ్మ భాషా అన్న వాదన ఇక్కడ తేలేది కాదు.

ఎవరు ఎప్పుడు వచ్చారన్న దాని మీద మనం పెట్టిన శక్తిలో పదో వంతు కూడా ఇంకొక విషయం మీద పెట్టలేదని నా బాధ. అదే పరిశోధకులు 2013లో, 73 సమూహాల జన్యువులు చూసి, ఈ కలయిక ఎప్పుడు జరిగిందో కొలిచారు. కలిసిన తరవాత తరం తరానికీ పూర్వీకుల డీఎన్ఏ తునకలు చిన్నవవుతూ పోతాయి. కాబట్టి తునక పొడవే గడియారం. ఆ గడియారం ప్రకారం సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఇక్కడ మనుషులు విస్తారంగా కలిశారు. ఎక్కడో మూలన ఉన్నారనుకునే సమూహాలు కూడా ఆ కలయికకు దూరంగా లేవు. ఆ తరవాత కలవడం ఆగిపోయింది.

1,900 ఏళ్ళ కిందట అంటే మన చరిత్రలో సాతవాహనుల కాలం. నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ తన కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని పొగుడుతూ చెక్కించిన శాసనం ఉంది. పోటీ పరీక్షలకు చదివినవాళ్ళందరికీ అది కంఠతా వచ్చు. శక, యవన, పహ్లవులను నాశనం చేసినవాడు, చతుర్వర్ణ సంకరాన్ని ఆపినవాడు. నేనూ పరీక్ష కోసం బట్టీపట్టాను. దాని అర్థం చాలా ఏళ్ళ తరవాత, ఈ 1,900 అన్న అంకె చదివిన రోజున తట్టింది. లేనిదాన్ని ఎవరూ ఆపలేరు. ఒక రాజమాత, కొడుకు ఘనకార్యాల్లో ఒకటిగా 'కలవనివ్వలేదు' అని రాయి మీద చెక్కించిందంటే, జనం అప్పటిదాకా కలుస్తూనే ఉండి ఉండాలి. ఒక రాజు ఆజ్ఞతో ఉపఖండమంతా తలుపులు మూసుకుందని నేను అనను. అలాంటి మార్పులు ఒక్కడి వల్ల రావు, ఒకే రోజున రావు. కానీ ఆ శాసనమూ మన రక్తంలోని గడియారమూ ఒకే కాలం వైపు చూపిస్తున్నాయి. ఆ రాజు ఇంటి సంగతి చూడండి: అదే వంశపు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి భార్య ఒక శక మహాక్షత్రపుడి, అంటే శక పాలకుడి కూతురని కన్హేరి శాసనం చెబుతోంది. ఆ మహాక్షత్రపుడు రుద్రదాముడేనని చరిత్రకారుల భావన.

కలయిక అన్న మాటలో తీపి చూసుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక చెప్పాలి. ఆ రెండు వేల ఏళ్ళూ అందరూ ప్రేమతో చేతులు కలిపారని డీఎన్ఏ చెప్పడం లేదు. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ మనలో చాలా వరకు ఇక్కడిదే, చాలా పాతది. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోములో బయటి పాలు ఎక్కువ. ఇప్పటి భారతీయుల్లో స్టెప్పీ వారసత్వం తల్లుల వైపు నుంచి కన్నా తండ్రుల వైపు నుంచి ఎక్కువగా వచ్చింది. దాని వెనక ఎన్ని బలవంతాలున్నాయో, ఎంత అసమానత ఉందో ఊహించడం కష్టం కాదు. పౌరోహిత్యం సంప్రదాయంగా ఉన్న కొన్ని సమూహాల్లో ఆ పాలు మిగతావాళ్ళకన్నా కాస్త హెచ్చుగా ఉండడం కూడా నిజమే. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయినా నాకు ముఖ్యమైనది తరవాత జరిగింది. ఎలా కలిసినా సరే కలిసిపోయిన జనం, తరవాత దాదాపు రెండు వేల ఏళ్ళు పక్క ఇంటివాళ్ళతో కూడా పెళ్ళి సంబంధం లేకుండా బతికారు.

అలా బతికితే ఏమవుతుందో వేళ్ళ మీద లెక్క వేసుకోవచ్చు. మీకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ అమ్మమ్మా నానమ్మా కలిపి నలుగురు, ముత్తాతల తరంలో ఎనిమిది మంది. పది తరాలు వెనక్కి వెళ్తే 1,024 స్థానాలు. ఇరవై తరాలకు 10 లక్షల పైన. ముప్ఫై తరాలకు 107 కోట్లు. ముప్ఫై తరాలంటే సుమారుగా హనుమకొండలో వేయి స్తంభాల గుడి కట్టిన రోజులు. అప్పటికి ప్రపంచమంతా కలిపినా 50 కోట్ల మంది లేరు. కాబట్టి ఒకే మనిషి మీ వంశంలో ఎన్నో స్థానాల్లో కూర్చుని ఉండక తప్పదు. ఇది భూమి మీద ఎవరికైనా వర్తిస్తుంది. కానీ పెళ్ళిళ్ళన్నీ ఒకే సమూహంలో జరుగుతూ, ఆ సమూహం ఒకప్పుడు కొద్దిమందితోనే మొదలై ఉంటే, ఆ కోట్ల స్థానాలనూ ఆ కొద్దిమందే నింపాలి. వాళ్ళలో ఒకరికి ఒక లోపమున్న జన్యువు ఉంటే అది ఇప్పుడు లక్షలమందిలో ఉంటుంది. ఆ సమూహంలో ఏ ఇద్దరు పెళ్ళాడినా, ఎన్ని కిలోమీటర్ల దూరం నుంచి వచ్చినా, ఆ పాత పూర్వీకుడి దగ్గర కలుసుకుంటారు.

మా చెల్లెలూ బావగారూ కలుసుకున్నది అక్కడే.

దీనికి మన తెలుగు నేల మీద బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. శస్త్రచికిత్సకు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా రక్తంలోని ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైము సరిగా లేనివాళ్ళలో ఊపిరి కండరాలు గంటల తరబడి కదలవు, యంత్రంతో ఊపిరి అందించాలి. మన వైశ్య సమాజంలో ఈ లోపం ఇతరులకన్నా చాలా రెట్లు ఎక్కువ. ఆ సమాజం రెండు మూడు వేల ఏళ్ళుగా బయటివారితో దాదాపు కలవలేదని జన్యువులు చెబుతున్నాయి. ఇది వాళ్ళ ఒక్కరి కథ అనుకుంటే చాలా పొరపాటు. సీసీఎంబీ, హార్వర్డ్ పరిశోధకులు మరికొందరితో కలిసి 2017లో ప్రచురించిన పత్రంలో దక్షిణాసియాకు చెందిన 263 సమూహాలను చూశారు. అందులో 81 సమూహాల్లో ఈ 'కొద్దిమంది మూలపురుషుల' ప్రభావం, ఇలాంటి జబ్బులకు ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే అష్కెనాజీ యూదుల్లో, ఫిన్లాండ్ వాళ్ళలో కన్నా బలంగా ఉంది. ఆ 81లో 14 సమూహాల జనాభా 10 లక్షలకు పైమాటే. బయటికి పెద్ద జనాభాగా కనిపించేవి జన్యువుల లోపల చిన్న చిన్న పల్లెలన్నమాట.

దీన్ని పక్కన పెట్టి ఇంకొకటి చూడండి. గుండె కండరాన్ని బలహీనపరిచే ఒక జన్యులోపం భారతీయుల్లో దాదాపు 4 శాతం మందిలో ఉందని 2009లో తేలింది. అది పుట్టి 33,000 ఏళ్ళు అయి ఉంటుందని అంచనా. కులాలు, మతాలు, భాషలు దాటి దేశమంతటా అది కనిపిస్తుంది. కారణం సులువు: అది పుట్టినప్పుడు తలుపులు లేవు. తలుపులు మూసుకున్న తరవాత పెరిగిన లోపాలు మాత్రం ఏ ఇంటివి ఆ ఇంట్లోనే పేరుకున్నాయి.

మేనరికాల మీద మనవాళ్ళలో కొంత భయం పట్టుకుంది, మంచిదే. అయితే ఆ భయం ఇంకో ధీమాకు దారితీసింది. "మేనరికం కాదుగా, ఇంటిపేర్లు వేరు, గోత్రాలు వేరు, ఇంకేం భయం" అన్న ధీమా. గోత్రం తండ్రి వైపు ఒక్క గీతనే చూస్తుంది. ముప్ఫయ్యో తరంలోని 107 కోట్ల స్థానాల్లో ఆ గీత మీద ఉన్నది ఒక్కటే. మిగతావాటి గురించి అది ఏమీ చెప్పదు.

మొన్న ఉగాదికి పిన్ని ఇంటికి వెళ్ళాను. మా తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారు. మనవడు పోయిన దుఃఖం ఆమె ముఖం మీద ఇంకా ఉంది. "ఈసారి బాగా దూరపు ఊరి సంబంధం చూడమని చెప్పానురా. కర్ణాటకలో స్థిరపడ్డ మనవాళ్ళు ఉన్నారట" అంది.

"దూరంగా ఉండాల్సింది ఊరు కాదు పిన్నీ" అన్నాను.

ఆమెకు అర్థమైంది. వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి, "మన ఆచారం, మన వంట, మన పూజ తెలిసిన పిల్ల కావాలని కోరుకోవడం తప్పా?" అంది. తప్పని నేను అనలేదు, ఇప్పుడూ అనను. ఒక ఇంటి రుచి, ఒక ఇంటి పాట ఇంకో తరానికి అందాలని ఆశపడే తల్లిని నేను నిందించలేను. ఆమెతో రెండు మాటలు చెప్పాను. మొదటిది, కులం లోపలే చేస్తానంటే కనీసం పెళ్ళికి ముందే పరీక్షలు చేయించాలి. న్యూయార్కులో జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే యూదు మతగురువు, టే-శాక్స్ అనే జన్యు జబ్బుతో నలుగురు బిడ్డలను పోగొట్టుకుని, 1983లో ఇలాంటి పనే మొదలుపెట్టాడు. పెద్దలు కుదిర్చే పెళ్ళిళ్ళలో ముందే రక్తపరీక్ష చేసి, ఇద్దరిలో ఒకే లోపం ఉంటే ఆ సంబంధం వద్దని చెబుతారు. ఆ సమాజంలో ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. జాతకాలు చూపించే ఇంట్లో ఇది చేయలేమా? రెండోది, అసలు మాట. మనవాళ్ళు అన్న మాటకు హద్దు ఎక్కడ గీయాలో వేరేవాళ్ళు గీసి ఇచ్చారు, దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట. అంతకుముందు రెండు వేల ఏళ్ళు మన పూర్వీకులు ఆ గీత ఎరగరు. ఆచారమని మనం అంటున్నది వాళ్ళ ఆచారం కాదు.

పిన్ని ఒప్పుకుందని చెప్పను. తమ్ముడు మాత్రం భోజనాల తరవాత నా పక్కన కూర్చుని, తన ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయి సంగతి చెప్పాడు. రెండేళ్ళుగా ఇంట్లో చెప్పడానికి ధైర్యం చాలలేదట. నేను అతని తరఫున మాట్లాడతానని మాట ఇచ్చాను. ఈ వ్యాసం రాయడంలో ఆ మాట కూడా ఒక కారణం.

మా తాతగారి చేత్తో రాసిన వంశవృక్షం ఒక పాత నోటు పుస్తకంలో ఉంది. ఏడు తరాలు, అందరూ మగవాళ్ళే. భార్యల పేర్లు లేవు, కొన్ని చోట్ల 'ఫలానావారి ఆడపడుచు' అని ఉంది, అంతే. రాఖీగఢీ స్త్రీ తల్లి వైపు పాయ ఈ రోజు కూడా ఈ ఉపఖండపు స్త్రీలలో ఉందని చదివిన రాత్రి ఆ పుస్తకం తీశాను. మరునాడు అమ్మను కూర్చోబెట్టి వెనక పేజీలో ఇంకో గీత మొదలుపెట్టాను. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి. మూడో పేరు దాకా చకచకా వచ్చింది. నాలుగో పేరు దగ్గర అమ్మ చాలాసేపు ఆలోచించింది.

"పేరు తెలియదురా. గోదావరి అవతల నుంచి వచ్చిందని మా అమ్మమ్మ అనేది. వాళ్ళు ఎవరో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు."

అదే రాసుకున్నాను.